ఎర్రదారం కట్టిన పిపెట్టు

బీఎస్సీ మొదటి సంవత్సరంలో మా కెమిస్ట్రీ ల్యాబులో నన్ను రీడింగులు రాసే అమ్మాయి అనేవారు. బల్లకి నలుగురం చొప్పున నిలబడేవాళ్ళం. మా బల్ల దగ్గర ఇద్దరబ్బాయిలు, ఇద్దరమ్మాయిలం. ఒకబ్బాయి పిపెట్టు అనే సన్నటి గాజుగొట్టంతో ద్రావణాన్ని నోటితో పైకి పీల్చి, గీత దగ్గర వేలితో ఆపి, ఫ్లాస్కులోకి వదిలేవాడు. రెండో అబ్బాయి బ్యూరెట్టు మర తిప్పుతూ పైనుంచి చుక్కలు వదిలేవాడు. నా పక్కనుండే అమ్మాయి ఫ్లాస్కులు కడిగేది. నేను అంకెలు రాసేదాన్ని.

మొదటిరోజే పిపెట్టు అబ్బాయి నాతో, "మీ రైటింగు అచ్చేసినట్టుందండి. మీరే రాసెయ్యండి, మా రికార్డులు కూడా బావుంటాయి" అన్నాడు. వాళ్ళ నాన్నగారికి పెద్ద పెద్ద కొబ్బరితోటలున్నాయి. అయినా ఎంతో మర్యాదగా అడిగాడు. నేను పొంగిపోయాను. మిషన్ బళ్ళో పలక మీద దిద్ది దిద్ది నేర్చుకున్న దస్తూరీ నాది. దానికి కాలేజీలో ఇంత గౌరవం దొరికిందని ఇంటికొచ్చి అమ్మతో కూడా చెప్పాను.

ఆ సంతోషం దసరా సెలవుల దాకా నిలిచింది. ఆ తర్వాత నా చేతులు ఒకచోట ఉండడం మానేశాయి. వాళ్ళు చుక్కలు వదులుతుంటే నా వేళ్ళు పుస్తకం అంచు మీద ఊరికే ఆడేవి. ఫ్లాస్కులో గులాబీ రంగు మెరిసి మాయమయ్యే క్షణంలో నేను తల వంచుకుని అంకె వేస్తుండేదాన్ని. తలెత్తేసరికి అంతా అయిపోయేది.

ఇది డెబ్భైల చివరి మాట. అమలాపురం వెళ్ళే దారిలో, ఒకప్పుడు కురిడీలు, అంటే ఎండిన కొబ్బరికాయలు, నిల్వచేసిన పెద్ద గోదామును తీసుకుని ఎవరో పెద్దమనుషులు ఈ కాలేజీ పెట్టారు. అది ఎంతోకాలం నడవలేదు. ఇప్పుడక్కడ కల్యాణమండపం ఉంది. ల్యాబులో ఎన్ని యాసిడ్ సీసాలు తెరిచినా వాటి వెనక ఎండుకొబ్బరి వాసన వస్తూనే ఉండేది. మా ఊరు రాజోలు అవతల. పొద్దున్నే బస్సెక్కి, రేవులో దిగి, పంటు మీద వైనతేయ నది దాటి, అవతల బోడసకుర్రులో మళ్ళీ బస్సు పట్టుకోవాలి. పంటు మీద మనుషులు, సైకిళ్ళు, అరటిగెలలు, ఒక్కోసారి గేదెలు కూడా. నది మధ్యలో ఇసుకమేట తగిలిందంటే మొదటి క్లాసు పోయినట్టే.

మాది క్రైస్తవుల పేట. మా తాతల కాలంలోనే బాప్తిస్మం పుచ్చుకున్నాం. దేవుడు మారాడు గానీ ఊరివాళ్ళు మా పేటని పిలిచే పేరు మారలేదు. నాన్న కొబ్బరికాయలు వలిచే పనికి వెళ్ళేవాడు. నేలలో నిలువుగా పాతిన గునపం మీద కాయని ఒక్క పోటు పొడిచి, రెండు మెలికలు తిప్పేసరికి పీచంతా ఊడొచ్చేసేది. అమ్మ ఊడ్పులకీ కోతలకీ వెళ్ళేది. ఆ పేట నుంచి కాలేజీకి వెళ్ళిన మొదటి ఆడపిల్లని నేను. రెండు బస్సులెక్కి, ఒక నది దాటి అక్కడికి వెళ్ళి నేను చేస్తున్నది ఇతరులు చేసిన పనికి అంకెలు వేయడం.

ఒకరోజు ధైర్యం చేసి పిపెట్టు అబ్బాయిని అడిగాను. "ఒక్కసారి నన్ను పీల్చనిస్తారా?"

"అయ్యో, తప్పకుండానండి. వచ్చే వారం మీరే చేద్దురు గాని."

వచ్చే వారం, "ఇవాళ టైము చాలదండి" అన్నాడు. పై వారం, "పగిలితే మాస్టారు కోప్పడతారండి, మీకెందుకు చెప్పండి ఆ బాధ?" అన్నాడు. ఒక్కసారైనా విసుక్కుంటే నేనూ ఒక మాట అనేదాన్ని. అతను విసుక్కోలేదు. గోదావరి మర్యాద ఎంత మెత్తగా ఉంటుందో దాన్ని తోసుకుని ముందుకెళ్ళడం అంత కష్టం.

ఆ ఉక్కపోతలోనే ఇంటిదగ్గర సాధన మొదలుపెట్టాను. మా ఇంటి వెనక బొప్పాయి చెట్టుంది. దాని ఆకుకాడ లోపలంతా గుల్ల. రెండు కొసలూ కోసి, చెంబులో నీళ్ళలో ముంచి పీల్చేదాన్ని. లోపల నీళ్ళు ఎక్కడి దాకా వచ్చాయో కనపడదు కాబట్టి గీత దగ్గర ఆపడం దానితో కుదరదు. కానీ పై కొసని వేలితో మూసి పట్టుకోవడం, వేలు కాస్త సడలించి ఒక్కో చుక్కే వదలడం వచ్చేసింది. బొప్పాయి పాలు తగిలి పెదవులు మండేవి. తర్వాత గాజుగ్లాసులో సున్నపు తేట పోసి చిటికెడు పసుపు కలిపాను. ఎర్రబడింది. అందులోకి నిమ్మరసం చుక్కలు చుక్కలుగా వదిలితే, ఒకానొక చుక్క దగ్గర ఎరుపు పోయి మళ్ళీ పసుపు రంగుకి తిరిగేది. అది ఎన్నో చుక్కో లెక్కపెట్టి రాసుకునేదాన్ని. మళ్ళీ చేసేదాన్ని. ఒక్క చుక్క తేడా వచ్చినా గ్లాసు పారబోసి మొదటికి వచ్చేదాన్ని.

"ఏంటే ఆ పిచ్చిపని? నిమ్మకాయలన్నీ పాడు సేత్తన్నావు" అనేది అమ్మ.

నాన్న మాత్రం గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. "ఏదీ, నన్నొకసారి సెయ్యనీ" అని కాడ అందుకున్నాడు. పీల్చాడు, వేలితో మూశాడు. నీళ్ళన్నీ జారిపోయాయి. మళ్ళీ పీల్చాడు, మళ్ళీ జారిపోయాయి. ఏళ్ళ తరబడి పీచు లాగి లాగి ఆయన వేలి కొసలు బీటలు పడ్డాయి. ఆ బీటల్లోంచి గాలి పోతోంది. వేలు ముందుకి పెట్టి చూసుకుని నవ్వేశాడు. "నా సెయ్యి దీనికి పనికిరాదే. నీది పనికొత్తాది" అన్నాడు.

క్రిస్మస్ సెలవుల తర్వాత పిపెట్టు అబ్బాయికి జ్వరమొచ్చి ల్యాబుకి రాలేదు. నేను ఎవరినీ అడగలేదు. వెళ్ళి పిపెట్టు తీసుకున్నాను. మొదటిసారి గట్టిగా పీల్చేసరికి నోట్లోకి వచ్చేసింది, సబ్బునీళ్ళ రుచి. ఉమ్మేసి మళ్ళీ పీల్చాను. ఈసారి గీత దగ్గర ఆగింది. వేలు కింద ఆ ద్రావణం బరువు నాకు తెలుస్తోంది. అంత ఆనందం నాకు పరీక్ష పాసైనప్పుడు కూడా కలగలేదు.

రెండోసారి తను చేస్తానని బ్యూరెట్టు అబ్బాయి పిపెట్టు అందుకున్నాడు. కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి కడిగాడు. ఇంకోసారి కడిగాడు. మూడోసారి కడిగి, వెలుతురులోకి ఎత్తి చూసి, కిటికీ గట్టు మీద పెట్టేశాడు. "ఇది కొస పగిలినట్టుందండి" అని నాతో చెప్పి స్టోరుగదిలోంచి వేరేది తెచ్చుకున్నాడు.

నేను వెళ్ళి కిటికీ గట్టు మీది పిపెట్టు తీసి చూశాను. రెండు కొసలూ బాగానే ఉన్నాయి. ల్యాబు అటెండరు, ముసలాయన, సామాను సర్దుతూ నా పక్కకొచ్చాడు. "పగల్లేదమ్మా. నోట్లో పెట్టుకునేది గదా, అందుకని" అని గొణిగి వెళ్ళిపోయాడు.

ఎంగిలి. ఆ మాట ఎవరూ అనలేదు. అనాల్సిన అవసరం రాకుండా ఆరునెలలుగా నా చేతిలో కలం పెట్టి ఉంచారు.

ఆ సాయంత్రమే డెమాన్‌స్ట్రేటరు గారి దగ్గరికి వెళ్ళాను. మంచివారే, కాకపోతే గొడవంటే భయం. "మాస్టారండి, నన్ను కూడా పిపెట్టు చెయ్యనివ్వండి. పరీక్షలో ఎవరి ప్రాక్టికల్ వాళ్ళే చెయ్యాలి గదండి" అన్నాను.

"ఆయ్... నిజమేనమ్మా. నేనేదో ఒక ఏర్పాటు చేస్తాను గదా, నువ్వు వెళ్ళు" అన్నారు.

ఆయన చేసిన ఏర్పాటు పై వారం చూశాను. ఒక పిపెట్టు పైకొసకి ఎర్రదారం కట్టి, మిగతా వాటి స్టాండులో కాకుండా విడిగా ఒక మూల నిలబెట్టారు. "ఇది నీదమ్మా. ఇంకెవరూ ముట్టుకోరు. నీకెంతసేపు కావాలంటే అంతసేపు చేసుకో."

దాచడం ఎందుకు, నాకు సంతోషమే కలిగింది. ల్యాబు మొత్తంలో సొంతంగా పిపెట్టు ఉన్నది నాకొక్కదానికే అనుకున్నాను. ఆ మధ్యాహ్నం వరసగా ఎన్నోసార్లు చేశాను. తిరిగొచ్చేటప్పుడు రేవు దగ్గర టీకొట్టు కనపడింది. దాని తాటాకు చూరులో రెండు గాజుగ్లాసులు దోపి ఉండేవి. నాన్నలాంటి వాళ్ళొస్తే ఆ గ్లాసులే తీసుకుని, టీ పోయించుకుని తాగి, కడిగి, మళ్ళీ అక్కడే దోపాలి. రోజూ చూసేవే. ఆ రోజు వాటిని చూసి అక్కడే ఆగిపోయాను. పంటు కదులుతోందని ఎవరో కేకేస్తే పరిగెత్తాను.

ఇంట్లో చెబితే అమ్మ అన్నం వడ్డించడం ఆపేసింది. "ఆ గొట్టం ముట్టుకోకు. రేపట్నుంచి ఎల్లకపోతే మానె."

నాన్న తల అడ్డంగా తిప్పాడు. "ముట్టుకోనీ. బాగా ముట్టుకోనీ. పని సేతికొచ్చేదాకా వదలొద్దు."

"నీకు అవమానం లేదా?"

"నాకు లేకేం. దానికి పని రావద్దా మరి?"

వాళ్ళిద్దరిలో ఎవరి మాట వినాలో నాకు తేలలేదు. ల్యాబుకి వెళ్తే నాన్న మాట, ఇంటికొస్తే అమ్మ మాట నిజమనిపించేది. అలా మూడు వారాలు ఆ పిపెట్టుతోనే చేశాను. చేయి కుదిరింది. గీత దగ్గర ఆపడం నాకు ఊపిరి తీసినంత తేలికైంది.

నాలుగో వారం వెళ్ళేసరికి నా పిపెట్టు మూలలో లేదు. వేరే బల్ల దగ్గర ఒకబ్బాయి దాంతో పని చేస్తున్నాడు. కొత్తపేట వైపు నుంచి వచ్చేవాడు, మాలాంటి పేటవాడే. అతని పక్కన అలాంటివాడే ఇంకొకడు తన వంతు కోసం నిలబడి ఉన్నాడు. డెమాన్‌స్ట్రేటరు గారు వాళ్ళని మామూలు స్టాండు దగ్గర ఆపి, "మీకు అది ఉంది గదా" అని మూల చూపించారట. అంతకుముందు వాళ్ళు వాళ్ళ బల్ల దగ్గర అందరితోపాటే, ఉన్న పిపెట్టుతోనే చేసుకునేవారు. అప్పటిదాకా ఎవరూ పట్టించుకోలేదు.

వరండాలో కొత్తపేట అబ్బాయి నన్నాపాడు. "వేరేది కావాలని మీరే అడిగేరంట గదండి?"

"వేరేది అడగలేదండి. నన్ను కూడా చెయ్యనివ్వమన్నాను."

"మరి వచ్చింది వేరేదే గదండి. ఇప్పుడు మా ఇద్దరికీ కూడా వచ్చింది." అతను కోపంగా అనలేదు. అలిసిపోయినట్టు అన్నాడు. అది ఇంకా బాధ పెట్టింది.

ఆ వారమంతా నేను కుదురుగా కూర్చోలేదు. లెక్చరర్లు చెప్పేది చెవికెక్కలేదు. పంటు మీద ఈ అంచు నుంచి ఆ అంచుకి నడుస్తుంటే, "కూర్చో అమ్మాయ్, పడతావు" అని ఎవరో ముసలమ్మ కోప్పడింది. డెమాన్‌స్ట్రేటరు గారికి ఉత్తరం రాసి చింపేశాను. ప్రిన్సిపాల్ గది దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాను.

పై ప్రాక్టికల్ రోజున సంచిలో బ్లేడు పెట్టుకెళ్ళాను. ల్యాబుకి అందరూ వచ్చాక మూలకి వెళ్ళి ఆ దారం కోసేశాను. పిపెట్టుని శుభ్రంగా కడిగి, పెద్ద స్టాండులో మిగతా వాటి మధ్యన పెట్టి, స్టాండుని రెండుసార్లు గిర్రున తిప్పాను. పన్నెండో పదమూడో ఉన్నాయి. ఏది ఏదో నాకే తెలియలేదు.

డెమాన్‌స్ట్రేటరు గారు గబగబా వచ్చారు. "ఏంటమ్మా ఇది?"

"కలిపేసేనండి మాస్టారు."

"ఇప్పుడు నీది ఏదో ఎలా తెలుస్తుంది?"

"తెలీదండి."

ఆయన ఒకసారి స్టాండు వైపు, ఒకసారి తలుపు వైపు చూశారు. అబ్బాయిలెవరూ కదల్లేదు.

అప్పుడు మా బల్ల దగ్గరి అమ్మాయి, రోజూ ఫ్లాస్కులు కడిగే అమ్మాయి, చేతులు పమిట చెంగుకి తుడుచుకుని వచ్చింది. వాళ్ళ తాతగారు గుడిలో అర్చకులు. మడీ ఆచారం గట్టిగా పాటించే ఇల్లు. స్టాండులోంచి చేతికందిన పిపెట్టు తీసింది, బీకరులో ముంచింది, నోట్లో పెట్టుకుని బలంగా పీల్చింది. గుటకేసినంత పని అయింది. దగ్గుతూ, ముక్కు తుడుచుకుంటూ, "ఇలా వచ్చేస్తుందేంటండి!" అంది. ఎవరో నవ్వారు. నేను వెళ్ళి నెమ్మదిగా ఎలా పీల్చాలో చూపించాను. మూడోసారికి వచ్చింది.

తర్వాత అడిగాను, "మీకు భయం వెయ్యలేదా?" అని.

"వేసిందండి. ఇంట్లో తెలిస్తే మా బామ్మ ఊరుకోదు. కానీ ఏడాదంతా ఫ్లాస్కులు కడిగేను. పరీక్షలో ఫ్లాస్కులు కడిగితే మార్కులు వెయ్యరు గదండి."

నా కోసం చేసిందేమో అనుకున్నాను. తన కోసం చేసుకుంది. ఆలోచిస్తే అదే బాగుందనిపించింది.

ఆ తర్వాత ఇద్దరు ముగ్గురు అబ్బాయిలు రాజమండ్రి నుంచి సొంత పిపెట్లు తెప్పించుకున్నారు. పిపెట్టు అబ్బాయి వాళ్ళలో ఒకడు. నాతో మునుపటంత మర్యాదగానే మాట్లాడేవాడు. మిగతావాళ్ళు పరీక్షలు దగ్గరపడుతున్న హడావిడిలో చేతికందిన దానితో చేసుకున్నారు. డెమాన్‌స్ట్రేటరు గారు గోడ మీద ఒక కాగితం అంటించారు, ఎవరు ఏ వారం ఏ పని చెయ్యాలో. ఆ పని ఆయన ముందే చెయ్యాల్సింది. ఆలస్యంగానైనా చేశారు.

నన్ను మాత్రం ప్రిన్సిపాల్ గారు పిలిపించారు. కాలేజీ సామాను మీద అధికారులు పెట్టిన గుర్తు తీసేయడం క్రమశిక్షణ కాదన్నారు. క్షమాపణ రాసిమ్మన్నారు. రాసిచ్చాను. పరీక్ష రాయనివ్వరేమోనని భయపడ్డాను. చక్కటి దస్తూరీతో, ఒక్క కొట్టివేత లేకుండా రాశాను. ఇన్నేళ్ళయినా ఆ కాగితం గుర్తొస్తే కూర్చున్న చోటునుంచి లేచి అటూ ఇటూ తిరుగుతాను.

ప్రాక్టికల్ పరీక్షకి విశాఖపట్నం నుంచి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినరు వచ్చారు. నేను మొదటి టైట్రేషన్‌లో ఒక చుక్క ఎక్కువ వదిలేసి ముదురు గులాబీ చేశాను. ఆయన నా వెనకే నిలబడ్డారు. పారబోసి మళ్ళీ మొదలుపెట్టాను. తర్వాత రెండుసార్లూ ఒకే అంకె వచ్చింది. "ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అన్నారు. బొప్పాయి కాడ సంగతి చెప్పడానికి సిగ్గేసింది. "ఇక్కడేనండి" అన్నాను.

ఎమ్మెస్సీ చదివి, ఎనభైల మధ్యలో కొత్తపేట వైపు ఒక కాలేజీలో నేనే డెమాన్‌స్ట్రేటరుగా చేరాను. అప్పటికి నోటితో పీల్చే పని పోయి రబ్బరు బుడ్డీలు వచ్చాయి. నా ల్యాబులో ఎవరి ప్రయోగం వాళ్ళే మొదటినుంచి చివరిదాకా చెయ్యాలని పెట్టాను. గాజుసామాను బాగా పగిలేది. స్టోరు గుమాస్తా నన్ను చూస్తే మొహం చిట్లించేవారు. పేటల నుంచి, గోదావరి లంకల నుంచి వచ్చే పిల్లలు పడవ తప్పిపోతుందని కంగారు పడుతుంటే వాళ్ళ బ్యాచిని ముందుకి జరిపాను. నా ల్యాబులో ఎవరూ ఊరికే నిలబడరని నాకు లోపల కాస్త గర్వంగానే ఉండేది.

రెండో ఏడాది ఒక అమ్మాయి చేరింది. చిన్నప్పుడు పోలియో వచ్చి ఒక కాలు చచ్చుబడింది. ల్యాబు బల్లలు నిలబడి పనిచేసే ఎత్తువి. ఆమె ఎక్కువసేపు నిలబడలేకపోయేది. నేను కిటికీ దగ్గర కుర్చీ వేయించి, బ్యాచిలో అందరి లెక్కలూ సరిచూసే పని అప్పగించాను. చురుకైన పిల్ల. ఇలాగైతే కాలు నొప్పి పెట్టదని, మంచి పని చేశాననుకున్నాను.

రెండు నెలలయ్యాక ఒకరోజు అందరూ వెళ్ళిపోయినా ఆమె కుర్చీలోంచి లేవలేదు.

"మేడమండి, ఒక మాట అడగనాండి?"

"అడుగమ్మా."

"ఈ లెక్కలు నేను ఇంటిదగ్గరైనా చేసుకోగలనండి. అవి చెయ్యడానికి ఇంత దూరం రావడం ఎందుకండి?"

ఆమె అంత మర్యాదగా అడిగింది. నేనూ రెండు నెలల పాటు ఆమెతో అంతే మర్యాదగా ఉన్నాను.

ప్రిన్సిపాల్ గారిని అడిగితే బల్ల కాళ్ళు కొయ్యడానికి వీల్లేదన్నారు, స్టాకు రిజిస్టరులో ఉన్నవట. షెడ్డులో విరిగిపడున్న బెంచి ఒకటి రిజిస్టరులో లేదని అటెండరు కనిపెట్టి చెప్పాడు. గోదావరి ఒడ్డున పడవలు కట్టే వడ్రంగిని పిలుచుకొచ్చాం. ఆయన ఆ అమ్మాయిని కుర్చీలో కూర్చోబెట్టి, మోచేతి ఎత్తు జానతో కొలిచి, బెంచిని ఆ ఎత్తుకి సరిచేసి, పైన పలక బిగించాడు. కుళాయి అందదు కాబట్టి పక్కన బకెట్టు, రబ్బరుగొట్టం పెట్టాం. బ్యూరెట్టు స్టాండుని పొట్టిది చేయడానికి ఇంకో వారం పట్టింది. ఆ వారం నాకు మహా పొడుగ్గా అనిపించింది. రోజూ ఆమె వచ్చి, ఇవాళ కాకపోతే రేపు అన్నట్టు తలూపి, లెక్కల కాగితాలు తీసుకునేది.

అంతా అమరిన రోజున మొదటి ప్రయోగంలోనే యాసిడ్ వొలకబోసుకుంది. పరికిణీ మీద చిన్న చిల్లు పడింది. నేను కంగారుగా నీళ్ళు పోస్తుంటే, "ఏం కాలేదండి, పాతదేనండి" అంటూ చిల్లులో వేలు పెట్టి చూసుకుంది. రీడింగు తప్పొచ్చింది. మళ్ళీ చేసింది. మళ్ళీ తప్పొచ్చింది. బెల్లు కొట్టారు, పిల్లలు వెళ్ళిపోయారు, అటెండరు కిటికీలు మూయడం మొదలుపెట్టాడు. బయట రోడ్డు మీద మేమిద్దరం ఎక్కాల్సిన బస్సు హారను కొట్టింది.

"బస్సు వచ్చేసిందమ్మా" అన్నాను.

ఆమె ఫ్లాస్కు మీదనుంచి కళ్ళు తిప్పలేదు. "ఆయ్, వెళ్ళనివ్వండి మేడమండి. తర్వాతది ఉంది గదా" అని మర మీద వేళ్ళు సవరించుకుంది.

నేను సంచి కింద పెట్టి, కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను.